వయసు రాస్తారు, ఊరు రాస్తారు, పని మాత్రం రాయరు

మందుల షాపులో కూర్చునేవాడికి ఏ నెల నడుస్తోందో అరలు చూస్తే తెలిసిపోతుంది. తొలకరి పడి పత్తి గింజలు పెట్టే రోజుల్లో నడుం నొప్పి బామ్‌లు, జెల్ ట్యూబులు ఖాళీ అవుతాయి. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో తలనొప్పి గోలీలు, వాంతుల గోలీలు, కళ్ళలో వేసుకునే చుక్కల మందు అడుగుతారు. దీపావళి దాటి పత్తి ఏరడం మొదలయ్యాక దురదకు పౌడర్లు, వేళ్ళ చీలికలకు మలాంలు. పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లులు జోరందుకుంటే దగ్గు సిరప్‌లు, దమ్ముకు పీల్చుకునే పంపులు. ఏప్రిల్ వచ్చిందంటే ఓఆర్ఎస్ పొట్లాలు, మూత్రంలో మంటకు సిరప్‌లు. మళ్ళీ తొలకరి, మళ్ళీ బామ్‌లు.

మాది పెన్‌గంగకు ఇవతలి ఒడ్డు, మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా. జాతీయ రహదారి 44 మీద వంతెన దాటితే తెలంగాణ, ఆదిలాబాద్ జిల్లా. పాటణ్‌బోరి, పాండర్‌కవడా, ఝరీ, వణి చుట్టుపక్కల మా వాళ్ళు చాలామందే ఉన్నారు. బడిలో మరాఠీ, బజార్లో మరాఠీ హిందీ కలగలుపు, ఇంట్లో తెలుగు. నేను డీఫార్మ్ చదివి షాపు పెట్టుకున్నాను. డాక్టర్ని కాను కాబట్టి వైద్యం చెప్పడం నా పని కాదు. కానీ డాక్టర్ రాసిన చిట్టీలన్నీ చివరికి నా చేతికే వస్తాయి. ఆ చిట్టీలతోనే నాకు పేచీ.

చిట్టీ మీద పేరుంటుంది. వయసు, ఊరు, బరువు, బీపీ ఉంటాయి. కింద ‘గ్యాస్ట్రైటిస్’, ‘బాడీ పెయిన్’, ‘వీక్‌నెస్’ అని ఏదో ఒకటి రాసి, దాని కింద ఎక్కువగా అవే నాలుగు రకాల మందులు ఉంటాయి. ఆ మనిషి పొద్దున లేచి ఏం చేస్తాడు, ఏం పీలుస్తాడు, ఏం మోస్తాడు, ఎన్ని గంటలు వంగి ఉంటాడు అన్నది ఎక్కడా ఉండదు. నా షాపులో మందుల వరస అచ్చంగా పనుల వరసే అయినప్పుడు, ఆ పని పేరు చిట్టీ మీద లేకపోవడం నాకు మింగుడుపడదు. దాన్ని చిన్న లోటుగా నేను తీసుకోను. అక్కడ ఆ ఒక్క మాట లేకపోవడం వల్ల మనుషులు తప్పు మందులు మింగుతున్నారు, తప్పు రోగాలకు నెలల తరబడి వైద్యం చేయించుకుంటున్నారు. కొన్నిసార్లు చచ్చిపోతున్నారు కూడా.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. ఇటలీలోని మోడెనాలో బెర్నార్డినో రామజ్జీని అనే డాక్టర్ ఉండేవాడు. వాళ్ళింట్లో మరుగుదొడ్డి గుంత ఎత్తడానికి వచ్చిన మనిషి ఊపిరి ఆడనంత తొందరగా పని చేస్తుంటే, ఎందుకంత తొందర అని అడిగాడట. అందులో ఎక్కువసేపు ఉంటే కళ్ళు పోతాయని ఆ మనిషి చెప్పాడు. అక్కణ్ణుంచి రామజ్జీని గనుల్లో, మగ్గాల దగ్గర, కుమ్మరుల దగ్గర తిరిగి, ఏ పనికి ఏ జబ్బు అంటుకుంటుందో ఒక పుస్తకమే రాశాడు. అది 1700లో అచ్చయింది. డాక్టర్లు రోగిని అడగాల్సిన ప్రశ్నలకు ఇంకొకటి కలపమన్నాడు: నువ్వు ఏం పని చేస్తావు? మూడు వందల ఏళ్ళు దాటింది. మా తాలూకా ఓపీ చిట్టీలోకి ఆ ప్రశ్న ఇంకా రాలేదు.

చేలో పురుగుమందు కొట్టే రోజుల సంగతి కాస్త విడమరిచి చెప్పాలి. ఎందుకంటే ఆ ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో మా జిల్లా చూసినంతగా ఇంకే జిల్లా చూసి ఉండదు.

2017లో జూలై నుంచి అక్టోబర్ దాకా యవత్మాల్ జిల్లాలో పత్తి చేలల్లో పురుగుమందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల్లో చేరారు. ఆ ఏడు పత్తి మనిషి ఎత్తు దాటి పెరిగింది. ఎత్తుగా ఉన్న చెట్టుకు మందు కొట్టాలంటే నాజిల్ పైకెత్తాలి. పైకి కొట్టిన మందు తుంపరగా మొహం మీద, మెడ మీద, ఛాతీ మీద పడుతుంది. గులాబీ రంగు పురుగు బీటీ పత్తికి లొంగడం మానేసింది కాబట్టి కొట్టడం ఎక్కువైంది. ఒక మందుతో పని కాదని రెండు మూడు కలిపి కొట్టారు. గాలి లేని ఉక్కపోత. చేత్తో కొట్టే పాత పంపుల స్థానంలో జోరుగా చిమ్మే పంపులు వచ్చాయి. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ అనే పురుగుమందుల పేర్లు అంతకుముందు రైతులకీ డీలర్లకీ తెలిసినవే, అప్పుడు పేపర్లు చదివే ప్రతివాడి నోట్లోనూ నానాయి.

అప్పుడు బాగా వినపడిన మాట, ‘రైతులు గ్లవ్స్ వేసుకోలేదు, మాస్క్ పెట్టుకోలేదు’ అని. సెప్టెంబర్ మధ్యాహ్నం, నాలుగు దిక్కులా పత్తి కమ్ముకుని గాలి ఆడని చేలో, నెత్తి నుంచి కాళ్ళ దాకా ప్లాస్టిక్ కోటు తొడుక్కుని వీపు మీద పంపు మోస్తూ నడవమని ఆ మాట అన్నవాళ్ళకు చెప్పి చూడండి. పావుగంట నడవలేరు. అసలు మందు కొట్టేది చాలాచోట్ల భూమి ఉన్నవాడు కాదు, కూలికి వచ్చినవాడు. విషం ఎంత తీవ్రమైనదో చెప్పే త్రికోణం డబ్బా మీద ఎర్రగా ఉందో పసుపుగా ఉందో చూసే అవకాశం కూడా అతనికి రాదు. నీళ్ళలో కలిపి తెచ్చి పంపులో పోసి ఇస్తారు.

ఇక మందుల షాపు వైపు నుంచి చూడండి. సాయంత్రం ఒకతను వస్తాడు. “అన్నా, కండ్లు మసకలు కొడుతున్నయి, చుక్కల మందియ్యి” అంటాడు. ఇచ్చి పంపిస్తే అయిపోయేదే. “మందు కొట్టినవా?” అని అడిగితే, “ఆ, మొన్న నుంచి కొడుతున్న” అంటాడు. అక్కడితో కథ మారిపోతుంది. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందులు ఒంట్లో ఎసిటైల్ కొలినెస్టరేజ్ అనే ఎంజైమును పని చేయనివ్వవు. నరం ఇచ్చిన సంకేతం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. కంటిపాప సూదిమొనంత అవుతుంది, నోట్లో చొంగ ఊరుతుంది, చెమటలు కారతాయి, వాంతులు, విరేచనాలు అవుతాయి, కండరాలు అదురుతాయి, ఆఖరికి ఊపిరి అందదు. దానికి విరుగుడు ఆస్పత్రిలో ఇచ్చే ఎట్రోపిన్, దానితో పాటు ప్రాలిడాక్సిమ్. చుక్కల మందు, వాంతుల గోలీ ఇస్తే కాసేపు సర్దుకున్నట్టే ఉంటుంది, రాత్రికి రాత్రే ముదురుతుంది. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, నాలుగు క్షణాల పని. దాని జవాబును బట్టి ఆ మనిషి ఇంటికి పోవాలా, ఆంబులెన్స్ ఎక్కాలా అన్నది తేలుతుంది.

ఇంకో సంగతి. ఈ విషం ఎక్కువగా లోపలికి పోయేది ముక్కు నుంచి కాదు, చర్మం నుంచి. తడిసిన చొక్కాతో సాయంత్రం దాకా ఉంటే సాయంత్రం దాకా ఎక్కుతూనే ఉంటుంది. ఆ చొక్కాను ఉతికేది భార్య. ఆమె తలనొప్పి అని వస్తుంది. ఆమె చిట్టీ మీద ‘హౌస్‌వైఫ్’ అని కూడా ఉండదు, ఖాళీ. సబ్బుతో ఒళ్ళు కడుక్కోవాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి అన్న రెండు ముక్కలు చెప్పడానికి డాక్టరే అక్కర్లేదు, నాలాంటివాడు చాలు. కానీ చెప్పాలంటే ముందు అడగాలి కదా.

దగ్గు దగ్గరికి వద్దాం. మా వైపు జిన్నింగ్ మిల్లులకు కొదవ లేదు. పాండర్‌కవడాలో, వణిలో, అటు ఆదిలాబాద్‌లో సీజన్ మొదలైందంటే పత్తి బండ్లు రోడ్డు మీద లైను కడతాయి. మిల్లు లోపల పొగమంచులా తెల్లగా ఉంటుంది. అది పత్తి దుమ్ము. ఆకు ముక్కలు, గింజ పొట్టు, మట్టి, వాటి మీద బతికే సూక్ష్మక్రిములు అన్నీ కలిసిన దుమ్ము. పత్తి దుమ్ములో ఏళ్ళ తరబడి పని చేసినవాళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల జబ్బును బిస్సినోసిస్ అంటారు. దాని గుర్తు విచిత్రంగా ఉంటుంది. సెలవు తర్వాత పనిలోకి వెళ్ళిన మొదటి రోజు ఛాతీ పట్టేస్తుంది, రెండో రోజు కాస్త తేలికవుతుంది. మా వాళ్ళు దీన్ని ‘సెలవు పడలేదు’ అని నవ్వేస్తారు. ఒకరోజు రెస్ట్ తీసుకుంటే ఒళ్ళు బద్ధకించిందని వాళ్ళ లెక్క. ఈ జబ్బు తీరు తెలిసిన డాక్టరైతే ఆ నవ్వు దగ్గరే ఆగి ఇంకో ప్రశ్న వేస్తాడు. వేసేవాళ్ళు లేరు. ‘సర్ది, వాతావరణం మారింది’ అని యాంటీబయాటిక్ కోర్సు రాస్తారు. మార్చిలో మిల్లు మూతపడితే దగ్గు తగ్గుతుంది, మందు పని చేసిందనుకుంటారు.

ఇక్కడ చట్టం చేసిన వింత ఒకటి చెప్పి తీరాలి. ఈఎస్ఐ అనే కార్మికుల బీమా పథకంలో ఉన్న కార్మికుడికి పని వల్ల జబ్బు వస్తే దాన్ని పనిలో తగిలిన దెబ్బతో సమానంగా చూస్తారు. వైద్యం, జీతం నష్టానికి డబ్బు అన్నీ ఉంటాయి. కానీ 1948 ఈఎస్ఐ చట్టం సీజనల్ ఫ్యాక్టరీలకు వర్తించేది కాదు. సీజనల్ ఫ్యాక్టరీ అంటే ఏవేవో చట్టం జాబితా ఇచ్చింది. ఆ జాబితాలో మొట్టమొదటి పేరు పత్తి జిన్నింగ్. దాని స్థానంలో వచ్చిన కొత్త సామాజిక భద్రత కోడ్ కూడా సీజనల్ ఫ్యాక్టరీలను బయటే ఉంచింది. దుమ్ముకి సీజన్ అయిపోయింది, ఊపిరితిత్తికి అయిపోలేదు అన్న సంగతి చట్టం రాసినవాళ్ళకు తట్టినట్టు లేదు. మిల్లులో ఆరు నెలలు, చేలో ఆరు నెలలు పని చేసే ఆడమనిషికి ఏడాదిలో సగం దుమ్ము, సగం విషం. బీమా మాత్రం పన్నెండు నెలలూ సున్నా.

దుమ్ము మాట వచ్చింది కాబట్టి టీబీ గురించి కూడా. రాళ్ళ క్రషర్ల దగ్గర, రాతి గనుల్లో, రాతిలో సిలికా ఎక్కువ ఉన్నచోట పని చేసి వచ్చినవాళ్ళకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. ఎక్స్‌రేలో అది చాలాసార్లు టీబీలాగే కనిపిస్తుంది. సిలికోసిస్ ఉన్నవాడికి నిజంగా టీబీ అంటుకునే అవకాశం కూడా ఎక్కువే, అదొక తిరకాసు. ఆరు నెలల టీబీ కోర్సు పూర్తి చేసి, ఏడాది తిరక్కుండా మళ్ళీ అదే కోర్సు మొదలుపెట్టిన మనుషుల్ని నేను చూశాను. ఎక్కడ పని చేశావని వాళ్ళను ఎవరూ అడిగిన జాడ కాగితాల్లో లేదు. రాజస్థాన్‌లో 2019లో సిలికోసిస్ వంటి దుమ్ము జబ్బులకు ఒక విధానం తెచ్చారు. జబ్బు ఉందని సర్టిఫికెట్ వస్తే 3 లక్షల రూపాయలు, చనిపోతే కుటుంబానికి ఇంకో 2 లక్షలు. డబ్బుతో ఊపిరితిత్తులు బాగవవు. కానీ డబ్బు ముడిపడినందువల్ల అక్కడ పని గురించి అడగక తప్పదు, రాయక తప్పదు.

బొగ్గు సంగతి నేను ఎక్కువ రాయను, దాని మీద రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక్క ముక్క. పర్మనెంట్ గని కార్మికుడికి నిబంధనల ప్రకారం 5 ఏళ్ళకోసారైనా వైద్య పరీక్ష జరగాలి, జరుగుతుంది కూడా. వణి నుంచి ఘుగ్గుస్ వైపు బొగ్గు మోసే ప్రైవేటు టిప్పర్ల డ్రైవర్లకు అటువంటి పరీక్ష జరిగిందని నేనైతే ఇంతవరకు వినలేదు. మా మేనమామ అట్లా టిప్పర్ తోలినవాడే. గుంతల రోడ్డు మీద ఏళ్ళ తరబడి సీటు కింది నుంచి వెన్నెముకకు తగిలే అదురు ఏం చేస్తుందో ఆయన నడక చూస్తే తెలుస్తుంది. డాక్టర్ ‘పొట్ట తగ్గించు’ అన్నాడు. పొట్ట తగ్గించడం మంచిదే. ఆయన తగ్గించాడు కూడా. నడుం అట్లాగే ఉంది, బండి అట్లాగే ఉంది.

నడుం నొప్పికి, మోకాళ్ళ నొప్పికి, ఒళ్ళు నొప్పులకు మేం అమ్మే గోలీల గురించి చెప్పడానికి నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, ఎందుకంటే నా ఇల్లు గడిచేది వాటి మీదే. వాటిలో డైక్లోఫెనాక్ చిట్టీ లేకుండా అమ్మకూడని మందు. చిట్టీ లేకుండా అడిగేవాళ్ళు రోజూ వస్తారు. లేదంటే పక్క షాపుకు పోతారు. అసలు భయం ఎండాకాలంలో. మా పక్క జిల్లా చంద్రపూర్‌లో మే నెలలో 47 డిగ్రీలు దాటిన రోజులున్నాయి, మాది దాని చెల్లెలు. అంత ఎండలో తునికాకు కోసేవాళ్ళు, రోడ్డు పని చేసేవాళ్ళు, ఇటుక బట్టీలవాళ్ళు చెమటకు తగ్గ నీళ్ళు తాగరు. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీ తన రక్త ప్రవాహాన్ని ఎట్లాగో కాపాడుకుంటూ ఉంటుంది. ఈ జాతి నొప్పి గోలీలు సరిగ్గా ఆ కాపుదలనే తీసేస్తాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుని ఎండలో పని చేస్తే కిడ్నీ మీద రెండు వైపుల నుంచీ దెబ్బ పడుతుంది.

డైక్లోఫెనాక్ పేరెత్తితే నాకు రాబందులు గుర్తొస్తాయి. పశువులకు ఈ మందు ఇచ్చేవారు, ఆ పశువులు చచ్చాక వాటిని తిన్న రాబందులు కిడ్నీలు పాడై దేశమంతటా రాలిపోయాయి. 2006లో పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించారు. మనుషుల ఇంజక్షన్‌ను దొంగచాటుగా పశువులకు వాడుతున్నారని 2015లో మనుషుల సీసాను కూడా 3 మిల్లీలీటర్లకు కుదించారు. మంచి పని, కాదనను. పక్షి ఏం తింది, అది తిన్న పశువుకు ఏం మందు ఇచ్చారు అని అంత ఓపికగా వెతికిన దేశంలో, ఎండలో ఇటుకలు మోసే మనిషి రోజుకు ఎన్ని గోలీలు మింగుతున్నాడో, ఎందుకు మింగుతున్నాడో ఎవరూ రాసుకోరు.

ఆడవాళ్ళు నీళ్ళు తాగకపోవడానికి కారణం వేరు. చేలో చాటు ఉండదు. పత్తి ఎత్తుగా ఉన్నన్నాళ్ళు కాస్త నయం, మిగతా కాలమంతా బయలే. పొద్దున ఇంటి దగ్గర గ్లాసు తాగి బయలుదేరితే మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చాకే తాగడం. పత్తి ఏరుడు కూలి కిలో లెక్క. నడుముకు కట్టుకున్న ఒడి నిండుతుంటే దాని బరువుతోనే వంగి ఏరుతారు. మధ్యలో లేచి దూరం పోయి వస్తే ఆ పావుగంట కిలోలు పోయినట్టే. అట్లా బిగబట్టుకుని, నీళ్ళు తాగకుండా, ఏప్రిల్ వచ్చేసరికి నా దగ్గర మూత్రంలో మంట సిరప్ కోసం వచ్చేవాళ్ళందరూ ఆడవాళ్ళే. వాళ్ళు మగవాడినైన నాతో నేరుగా చెప్పరు. “వేడి చేసింది తమ్మీ” అంటారు. అంతే. డాక్టర్ చిట్టీ ఉంటే దాని మీద ‘నీళ్ళు ఎక్కువ తాగాలి’ అని రాసి ఉంటుంది. నీళ్ళు ఎందుకు తాగడం లేదో అడిగి ఉంటే, ఆ సలహా ఆమెకు కాకుండా చేను యజమానికి ఇవ్వాలని తెలిసేది. నాలుగు కర్రలు, ఒక గోనెపట్టా చాటు. ఖర్చు ఎంతవుతుంది?

బట్టల షాపులో పొద్దున నుంచి రాత్రి దాకా నిలబడి కాళ్ళలో నరాలు ఉబ్బిన ఆడపిల్లలు, కుట్టు మిషన్ తొక్కి మెడ పట్టేసిన టైలర్లు, కంప్యూటర్ ముందు కూర్చుని కళ్ళు ఎండిపోయిన కుర్రాళ్ళు, రాత్రి డ్యూటీలతో నిద్ర తప్పి ‘గ్యాస్’ అని వచ్చే వాచ్‌మన్లు. వీళ్ళవీ పని జబ్బులే. ఒక స్టూలు, ఒక గంట బ్రేక్, డ్యూటీ మార్పు దగ్గర సగం తేలిపోతాయి. ఇంకో సంగతి ఉంది. వీళ్ళలో చాలామందికి యోగా చేయమని, టెన్షన్ తగ్గించుకోమని చెప్తారు. టెన్షన్ పెట్టేవాణ్ణి వదిలేసి పడేవాడికి పాఠం చెప్పడం మన దగ్గర అలవాటే.

నా వాదనకు ఎదురు వాదన నాకు తెలుసు. నాకు బాగా తెలిసిన ఒక డాక్టర్ సాబ్ మొహం మీదే అన్నాడు: “ఓపీ లైను గేటు దాకా ఉంటుంది. ఒక్కో మనిషికి రెండు నిమిషాలు దొరకవు. అడిగి తెలుసుకున్నాననుకో, ఏం చేయమంటావు? మందు కొట్టడం మానెయ్ అనాలా? మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు.” ఆయన చెప్పిన మొదటి మాట నిజం. రెండోది సగమే నిజం. అతను పని మానకపోవచ్చు, కానీ ఎట్రోపిన్ సమయానికి పడుతుంది. టీబీ మందు రెండోసారి అనవసరంగా పడకుండా పోతుంది. నొప్పి గోలీకి బదులు నీళ్ళూ నీడా గురించి మాట వస్తుంది. అన్నిటికంటే, రాసి పెడితే లెక్క మిగులుతుంది. 2017లో జూలైలోనే ఒక ఊరి ఓపీలో ‘మందు కొట్టాడు, కళ్ళు మసక’ అని వరసగా పది చిట్టీలు ఉన్నాయనుకోండి, ఎవరైనా పైకి ఒక్క ఫోన్ చేసేవారేమో. అది ఊహే. అయినా వందల మంది ఆస్పత్రి మంచాల మీదికి వచ్చాక లెక్క తీయడం కన్నా నయమైన ఊహ.

ఇంకా గట్టి జవాబు చట్టంలోనే ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో పని వల్ల వచ్చే జబ్బుల జాబితా ఉండేది. సిలికోసిస్, బిస్సినోసిస్, బొగ్గు దుమ్ము జబ్బు, సీసం విషం, చప్పుడు వల్ల వినికిడి పోవడం, చర్మ రోగాలు అన్నీ అందులో ఉండేవి. ఫ్యాక్టరీ మనిషిలో అటువంటి జబ్బు చూసిన ఏ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా సరే, ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు రాతపూర్వకంగా తెలియజేయాల్సి ఉండేది. చెప్పకపోతే 1,000 రూపాయల దాకా జరిమానా ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన పని భద్రత, ఆరోగ్య కోడ్‌లోనూ డాక్టర్ తెలియజేయాలన్న నియమం ఉంది. అంటే అడగడం డాక్టర్ మంచితనం మీద వదిలేసిన సంగతి కాదు. అడగకపోతే జబ్బు జాబితాలో ఉందో లేదో ఆయనకు ఎట్లా తెలుస్తుంది? మా చుట్టుపక్కల ఏ డాక్టరైనా అట్లాంటి ఉత్తరం రాసిన సంగతి నేను వినలేదు, ఆ 1,000 రూపాయలు కట్టిన డాక్టర్ గురించి అంతకన్నా వినలేదు.

చేలో పని చేసేవాళ్ళ దాకా ఆ నియమం రాలేదు. ఫ్యాక్టరీ గోడ లోపల ఉంటేనే జబ్బు ఆ చట్టం లెక్కలోకి వచ్చేది. రాష్ట్రంలో రైతు ప్రమాదాలకు సాయం ఇచ్చే పథకం ఉంది, పురుగుమందు విషం దాని కిందికి వస్తుంది కూడా, కానీ ముందు సాత్‌బారా కావాలి, అంటే భూమి కాగితం. వీపు మీద పంపు మోసిన కూలివాడి పేరు మీద భూమి ఉంటే అతను కూలికి ఎందుకు వచ్చేవాడు?

సరిహద్దు మా కష్టాన్ని ఇంకాస్త మెలిపెడుతుంది. చంద్రపూర్, గడ్చిరోలి వైపు నుంచి జనం మిర్చి ఏరడానికి ఖమ్మం, వరంగల్ వైపు పోతారు. రెండు మూడు నెలలు ఘాటులో ఉండి, కళ్ళ మంట, దగ్గు, చేతుల మంట మూటగట్టుకుని తిరిగి వస్తారు. చూపించుకునేది ఇక్కడ. ఇక్కడి డాక్టర్‌కు ఆ మిర్చి చేను కనపడదు. మా వైపు నుంచేమో పెద్ద జబ్బు చేస్తే ఆదిలాబాద్‌లోని రిమ్స్ సర్కారు ఆస్పత్రికి పోయేవాళ్ళున్నారు, దగ్గర కదా, పైగా తెలుగులో చెప్పుకోవచ్చు. అక్కడి చిట్టీ ఇక్కడ ఎవరూ చూడరు, ఇక్కడి ఎక్స్‌రే అక్కడికి ఎవరూ తీసుకుపోరు. మనిషి ఒక్కడే, జబ్బు ఒక్కటే, కాగితాలు రెండు రాష్ట్రాల్లో రెండు ముక్కలు. అందుకే మా వాళ్ళకు నేను చెప్పేదొకటే. డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి, మరాఠీ రాకపోతే ‘ఫవారణి’ అన్న ఒక్క మాట అనండి, మందు కొట్టారని ఆయనకు అర్థమవుతుంది. ఏ మందో తెలియకపోతే డబ్బా ఫోటో తీసుకుపోండి.

రాసే ఓపిక ఎవరికుంటుంది అంటారా? నా షాపులో ఇప్పటికే ఒక రిజిస్టర్ ఉంది. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కింద కొన్ని పెద్ద యాంటీబయాటిక్‌లు, టీబీ మందులు, నిద్ర మందులు అమ్మితే డాక్టర్ పేరు, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చామో విడిగా రాసి 3 ఏళ్ళు దాచాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు. రాస్తున్నాం, చేతులు విరిగిపోలేదు. చిట్టీ మీద పని కోసం ఒక్క గడి అచ్చు వేయించడానికి, ఊళ్ళో తిరిగే ఆశా కార్యకర్త పుస్తకంలో ఒక్క వరస పెంచడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు. అడగాల్సినవాళ్ళు అడగరని తేలిపోయాక, నా మట్టుకు నేను ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. పేర్లు రాయను, ఏ మందు అడిగారు, ఏం పని చేస్తారు, అంతే.

మందు కొట్టే రోజుల్లో ఆ గడిలో ఫవారణి ఎక్కువ పడుతుందని ముందే తెలుసు, పడింది. జిన్నింగ్ సంగతీ అంతే. నేను అనుకోనిది ఇంకొకటి. దగ్గు సిరప్ కోసం వచ్చిన నడివయసు ఆడవాళ్ళను “ఏం పని చేస్తవ్ వదినా?” అని అడిగితే, “పనేముంది, ఇంట్లనే ఉంట” అన్నవాళ్ళు చాలామంది. ఇంకో రెండు మాటలు కదిపితే తెలిసేది, వాళ్ళ పొయ్యిలో పత్తి కట్టె కాలుతోందని. గ్యాస్ బండ ఉంది, మూలన ఉంది, నింపడానికి డబ్బులు లేక. చేను ఖాళీ అయ్యాక పీకిన పత్తి కట్టె ఊరికే దొరుకుతుంది, ఏడాదంతా వస్తుంది, పొగ కూడా ఏడాదంతా వస్తుంది. అంచేత ఇప్పుడు నా నోటుబుక్కులో ఇంటి వంటను కూడా పని కిందే రాస్తున్నాను, పక్కన పొయ్యి కట్టెలదా గ్యాస్‌దా అని.